సార్ తెచ్చిన హార్డ్ డిస్కులు

మా ప్లాంటులో సర్వర్ నెమ్మదించిందన్న సంగతి నాకంటే ముందు రైతులకు తెలిసింది.

విడవలూరుకు తూర్పున, సముద్రానికి దగ్గర్లో ఉంటుంది మా రొయ్యల ప్లాంటు. చుట్టుపక్కల గుంటల్లో పట్టిన రొయ్యలు ఐసు పెట్టెల్లో మా గేటుకు వస్తాయి. తూకం వేస్తారు, కిలోకు ఎన్ని తూగాయో చూసి ధర కడతారు. ఆ వివరాలు కంప్యూటర్లో ఎక్కిస్తే రైతు చేతికి చీటీ వస్తుంది. చీటీ వస్తేనే బండి కదులుతుంది. ఆ కంప్యూటర్లు, వాటి వెనకున్న సర్వర్, లోపల హాల్లో కెమెరాలు, అన్నీ నా బాధ్యత.

బండ్లు ఎక్కువగా వచ్చే రోజుల్లో చీటీలు ఆగిపోవడం మొదలైంది. తూకం అంకె ఎక్కించి ఎంటర్ నొక్కితే తెర మీద చిన్న చక్రం తిరుగుతూ ఉండేది. అద్దాల కిటికీ అవతల రైతులు తువ్వాళ్లు నెత్తిన వేసుకుని నిలబడేవాళ్లు. బండ్ల కింద ఐసు నీళ్లు కారి మడుగు కట్టేవి. ఒకరోజు ఒక పెద్దాయన కిటికీలోకి వంగి అడిగాడు. కోపంగా అడిగి ఉంటే బాగుండేది. మామూలుగా అడిగాడు.

"ముందర చేత్తో రాసిచ్చేటప్పుడు ఇంత సేపు పట్టేది కాదు గదమ్మా. ఈ మిషన్లు పెట్టి ఏం ఒరిగినట్టు?"

"సర్వర్ కొంచెం స్లోగా ఉంది పెద్దాయనా, అయిపోతుంది" అన్నాను. అదే మాట పొద్దుటి నుంచీ అందరికీ చెబుతున్నాను. తలెత్తి మొహం చూసి చెప్పడం ఎప్పుడో మానేశాను. కీబోర్డు వైపు చూస్తూనే అనేసేదాన్ని.

మా యజమానిని ప్లాంటులో అందరూ అన్నా అనే పిలుస్తారు. ఆయన తన గది కిటికీలోంచి ఆ బండ్ల వరస చూసి నన్ను పిలిపించాడు.

"ఏందమ్మా ఇది? రోగం యాడుంది?"

"డిస్కుల్లో ఉందన్నా. మిగతా సర్వర్ అంతా ఖాళీగానే కూర్చుంటా ఉంది. డిస్కు నుంచి వచ్చేదాని కోసం కాచుకోని ఉంది."

"అయితే మార్చేయ్. రెండు మూడు కొటేషన్లు తెప్పించు. ఏది కొనాలో నువ్వు చెప్పు, నేను సంతకం పెడతా. ఎక్కువైనా పర్లేదు గానీ, తెలివితక్కువగా మాత్రం పెట్టొద్దు."

ఆ మాటకు నాకు సంతోషమూ కలిగింది, భయమూ కలిగింది. ఎంచుకోవాల్సింది నిజానికి రెండు రకాల మధ్యే. హార్డ్ డిస్కు అయితే లోపల పళ్లేలు గిర్రున తిరుగుతుంటాయి, ఒక చిన్న చెయ్యి వాటి మీద అటూ ఇటూ కదిలి కావలసింది వెతుకుతుంది. ధర తక్కువ, చోటు ఎక్కువ. ఎస్‌ఎస్‌డీలో కదిలేదేమీ ఉండదు. అడిగిన వెంటనే ఇస్తుంది. కానీ అంతే చోటు కావాలంటే దానికి ఎన్నో రెట్లు పెట్టాలి. ఏది మంచిది అని అడిగితే ఎవరైనా ఎస్‌ఎస్‌డీ అంటారు. మన పనికి ఏది ఎంతమేరకు కావాలి అన్నదే ప్రశ్న.

చెన్నైలో ఒక కంపెనీకి రాశాను. అంతా ఎస్‌ఎస్‌డీలతో కొటేషన్ పంపారు. రెండోదానికి ఎవరిని అడగాలా అనుకుంటుండగా అన్నే చెప్పాడు.

"బిట్రగుంటలో ఒకాయన ఉండాడంట. మా బావమరిది వాళ్ల స్కూల్లో కంప్యూటర్లన్నీ ఆయనే చూస్తాడు. నమ్మకమైన మనిషి అన్నారు. ఆయన్ని కూడా రమ్మన్నా."

బిట్రగుంట అనగానే ఆయన ఎవరో నాకు తెలిసిపోయింది. అన్న కొటేషన్లు తెప్పించమన్న రోజే ఆయన గుర్తుకొచ్చారు. గుర్తొచ్చినా పక్కన పెట్టాను. స్కూళ్లు, జెరాక్స్ షాపులు ఆయన పని, సర్వర్లు కాదు అని నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు. కానీ అసలు కారణం వేరే. ఆయన వస్తే నేను కొనేవాళ్ల వైపు కుర్చీలో కూర్చోవాలి. నాకు కంప్యూటర్ నేర్పిన మనిషి అమ్ముకునేవాళ్ల వైపు కూర్చుంటారు.

రైల్వే కాలనీ దాటాక ఒక మిద్దె మీద ఉండేది ఆయన కంప్యూటర్ సెంటరు. వాళ్ల నాన్నకు రేడియోలు బాగుచేసే కొట్టు ఉండేదట. ఆ బల్లలూ, స్క్రూడ్రైవర్లూ అలాగే ఉంచి ఈయన కంప్యూటర్లు పెట్టారు. సాయిబు గారి సెంటరు అనేవాళ్లు ఊళ్లో. బోగోలు దగ్గర మా పల్లె నుంచి నేను ఆటోలో వెళ్లేదాన్ని. డిస్కు అంటే ఏమిటో చెప్పడానికి ఆయన పాడైపోయిన డిస్కు ఒకటి మా ముందే విప్పారు. లోపల అద్దంలా మెరిసే పళ్లెంలో మా మొహాలు కనబడ్డాయి. ఆ చిన్న చెయ్యిని వేలితో కదిపి, "ఇదిగో, పాపం ఇది పరిగెత్తితేనే మీ ఫైలు తెరుచుకునేది" అన్నారు. ఇప్పటికీ ఆ సంగతి ఎవరికైనా చెప్పాల్సి వస్తే నా నోటికి వచ్చేది ఆయన మాటలే.

ఆయన స్కూటరు మీద వచ్చారు. భుజాన ఎండకు వెలిసిన ల్యాప్‌టాప్ బ్యాగు. గడ్డం పూర్తిగా నెరిసింది. ఆఫీసులోకి వచ్చి నన్ను చూసి నిలబడిపోయారు.

"నువ్వా తల్లీ! ఇక్కడ ఇన్‌చార్జి మేడమ్ అంటే నువ్వేనా?"

"అవున్ సార్. కూర్చోండి సార్."

"ఎన్నాళ్లయింది?"

"చాలా రోజులైంది సార్."

"బిట్రగుంట ఎంత దూరమని. ఒక్క ఫోను చేసుంటే పోయేది గదా" అని నవ్వారు. సంతోషం ఆపుకోలేక అన్న మాటే అది, నిష్ఠూరం కాదు. నేను మాత్రం టీ చెప్పి వస్తానని బయటికి వెళ్లి, కుళాయి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కుంటూ ఉండిపోయాను.

నాలుగు రోజుల తర్వాత సార్‌నీ, చెన్నై కంపెనీ మనిషినీ ఒకేసారి పిలిచాము. మాటలతో తేల్చడం నాకు ఇష్టం లేదు. మా దగ్గర పక్కన పడి ఉన్న సర్వర్ ఒకటి ఉంది. ఒకరి తర్వాత ఒకరి డిస్కులు అందులోనే పెట్టి, మా బిల్లులే నడిపి చూద్దామన్నాను. అన్న, మా అకౌంటెంటు గారు, బిల్లింగ్ అమ్మాయిలు, అందరూ చేరారు. చెన్నై నుంచి వచ్చిన ఇంజనీరు నడివయసు మనిషి. అరవం కలిసిన తెలుగులో మెత్తగా మాట్లాడేవాడు.

సార్ ముందు తన డిస్కులు పెట్టారు. ఒకటి పాడైనా ఇంకొకటి కాపాడేట్టు జతలుగా అమర్చారు. చేతి పని ఎప్పటిలాగే శుభ్రంగా ఉంది. తర్వాత ఒక రోజంతటి కెమెరా రికార్డింగు తీసుకుని కాపీ పెట్టారు. తెర మీద గీత సర్రున సాగిపోయింది.

"చూసినారా, ఎట్టా పోతా ఉండాదో! స్పీడుకు ఢోకా లేదు. చోటు చూస్తే వాళ్లిచ్చే దానికి ఎన్నో రెట్లు. ధర చూస్తే సగం కూడా కాదు" అన్నారు అన్నతో.

అన్న నా వైపు తిరిగాడు. "బాగానే పోతా ఉంది గదా. మరి ఇంకేం కావాల?"

ఇంజనీరు అనాల్సిన అవసరం లేదు. అనాల్సింది నేను.

"సార్" అన్నాను. కొంచెం గట్టిగా మళ్లీ అన్నాను. "సార్, అది ఒకటే పెద్ద ఫైలు. వరసగా రాసుకుంటా పోతుంది. మన బిల్లుల పని అట్టా ఉండదు. చిన్న చిన్నవి, ఒక్కోటి ఒక్కో చోట ఉంటాయి. ఆ చెయ్యి ప్రతిదానికీ పరిగెత్తాలి."

"అదే సార్ మేడమ్ చెప్పేది" అన్నాడు ఇంజనీరు, చిన్నగా నవ్వి.

"తెలుసు స్వామీ. ఆమెకి చెప్పిందే నేను" అన్నారు సార్. గర్వంగానే అన్నారు. తర్వాత నా మాట ఎటు పోతున్నదో అర్థమై, నా వైపు చూశారు.

మా దగ్గర బాగా బండ్లు వచ్చిన ఒక రోజు బిల్లుల కాపీ ఎక్కించాను. అమ్మాయిలు తూకాలు ఎక్కిస్తూ పోయారు, అకౌంటెంటు గారు అదే సమయంలో రకాలవారీ రిపోర్టు అడిగారు. తెర మీద చక్రం తిరగడం మొదలైంది. లోపల డిస్కులు టకటకమంటున్నాయి. ఒక అమ్మాయి అలవాటు కొద్దీ సెల్‌ఫోన్ తీసి చూసుకుంది. పాత డిస్కుల కంటే నయమే, కానీ పెద్ద తేడా లేదు.

తర్వాత ఎస్‌ఎస్‌డీలు పెట్టి అదే పని చేయించాను. రిపోర్టు అడిగి అకౌంటెంటు గారు కళ్లజోడు సర్దుకునేలోగా వచ్చేసింది. "అబ్బా!" అన్నారాయన. ఒక అమ్మాయి చప్పట్లు కొట్టబోయి, సార్‌ని చూసి ఆగిపోయింది.

సార్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "నావి ఇంకోసారి వేసి చూడమ్మా. ఇందాక ఏదన్నా సరిగా కూర్చోలేదేమో."

మళ్లీ వేసినా అంతే వస్తుందని నాకు తెలుసు, ఇంజనీరుకూ తెలుసు. వద్దు సార్ అంటే ఆయన్ని అవమానించినట్టు. వేస్తే అందరి ముందూ రెండోసారి అదే చూపించినట్టు. వేశాను. ఆ చక్రం తిరుగుతున్నంత సేపూ నేను కేబుళ్లు సరిచేస్తున్నట్టు బల్ల కిందికి వంగే ఉన్నాను. లేచేసరికి సార్ తన డిస్కులు విప్పి, ఒక్కోటీ దాని కవర్లో పెట్టుకుంటున్నారు.

"మంచిదమ్మా. తేడా కండ్లకు కనపడతా ఉండాది" అన్నారు. అన్నకు నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. టీ అలాగే ఉంది.

ఆ మర్నాడు నేను రెండు కొటేషన్లూ ముందు పెట్టుకుని కూర్చున్నాను. పరీక్షలో గెలిచింది ఎస్‌ఎస్‌డీలే. కానీ చెన్నై కొటేషన్ కూడా నాకు నచ్చలేదు. వాళ్లు రాసినవి మామూలు రకం. డిస్కులోకి బిల్లు ఎక్కుతుండగా హఠాత్తుగా కరెంటు పోతే, చేతిలో ఉన్నది పోగొట్టుకునే రకం. మా తీరంలో గాలివాన వస్తే కరెంటు ఎప్పుడు పోతుందో, జనరేటరు ఎప్పుడు అందుకుంటుందో చెప్పలేం. యూపీఎస్ ఒకసారి మమ్మల్ని మోసం చేసింది కూడా. అందుకని కరెంటు పోయినా చేతిలోది భద్రంగా దింపుకునే రకం ధర చెన్నై వాళ్లను అడిగాను. ఆ ధర చూస్తే, అన్నీ ఆ రకంవే కొనడం కుదరదని తేలిపోయింది.

అప్పుడు మా సర్వర్లో ఏమేం ఉన్నాయో తీసి చూశాను. రోజూ చెయ్యిపెట్టే బిల్లులు నిజానికి చాలా కొంచెం. చోటంతా తినేస్తున్నవి కెమెరా రికార్డింగులు, పాత సంవత్సరాల రికార్డులు. బయటి దేశాల్లో మా రొయ్యలు కొనేవాళ్లు హాల్లో శుభ్రత ఎలా ఉందో ఎప్పుడైనా అడుగుతారు, అందుకని రికార్డింగులు చాలాకాలం దాచాలి. అవి వరసగా రాసుకుంటూ పోయేవి. వాటికి ఎస్‌ఎస్‌డీ పెట్టడం తెలివితక్కువ ఖర్చు. అన్న వద్దన్నది అదే. బిల్లులకు మాత్రం మంచి రకం ఎస్‌ఎస్‌డీలు కొన్నే కొనాలి, మిగతా బరువంతా హార్డ్ డిస్కుల మీద వేయాలి. చెన్నై వాళ్లను హార్డ్ డిస్కుల ధర కూడా అడిగి చూస్తే, సార్ ధరే చౌక.

లెక్క ఎన్నిసార్లు తిరగేసినా అక్కడికే వచ్చింది. అయినా అన్న గదిలోకి వెళ్లి చెప్పేటప్పుడు నా చెవులు వేడెక్కాయి. ఆయన అంతా విని, పెన్ను మూత తీసి, అడిగాడు.

"ఆయన నీకు చదువు చెప్పినోడంట గదా. ఆ పొద్దు ఆయన అన్నదీ విన్నా, అమ్మాయిలూ చెప్పినారు. ఆయన కోసమని సగం అటు పంచలేదు గదా నువ్వు?"

"లేదన్నా. కావాలంటే ఇంకెవరికైనా చూపించండి."

"చూపించాల్సిన పని లేదులే. అడిగినా, అంతే" అని సంతకం పెట్టేశాడు.

సంతకం దొరికింది. నేను మాత్రం దొంగతనం చేసి పట్టుబడకుండా బయటపడినదానిలా నడిచి వచ్చాను. నేను చేసింది సరైన పని. అలాంటప్పుడు సిగ్గెందుకు? అన్న అడిగే ముందు అదే ప్రశ్న నాకు నేను వేసుకోలేదు, అందుకేనేమో. బల్ల కింద వంగి ఉన్నప్పుడు నా మనసులో ఏముందో నాకే తెలియదు. లెక్క నిజమే, కానీ ఆ లెక్క కోసం అంత పట్టుదలగా వెతికించిందేమిటి?

సార్‌కి ఫోన్ చేసి చెప్పాను.

"నువ్వు నా మీద జాలిపడి కొంటా ఉండావా తల్లీ?"

"లేదు సార్."

"నిజం చెప్పు. నాకు అట్టా వద్దు. స్కూళ్ల పని నాకు చాలు."

ఆయనకు ఆ అనుమానం ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. అలాంటి పని ఆయన నా కోసం ఒకసారి చేశారు. మా ఇంటి ముందు చేపలు ఎండబెట్టేవాళ్లం. ఎంత ఉతికినా నా బట్టలకు ఆ వాసన ఉండేది. సెంటర్లో నా పక్కన కూర్చునే ఇద్దరమ్మాయిలు ఒకరోజు లేచి వేరే బల్లకు వెళ్లిపోయారు. సార్ అది చూశారు. మర్నాడు వచ్చి, "కంప్యూటర్లన్నీ ఒక రకంవి కావు, అందరూ అన్నిటి మీదా నేర్చుకోవాల, రోజూ ఒక బల్ల జరగండి" అన్నారు. అప్పటినుంచి ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో ఎవరి చేతుల్లోనూ లేకుండా పోయింది. ఆయన చెప్పిన కారణం నిజమే. కంప్యూటర్లు నిజంగానే రకరకాలవి. కానీ ఆ నియమం ఎవరి కోసం పుట్టిందో నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. నేను ఒక్కనాడూ ఆ సంగతి ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు.

ఇప్పుడు నేను చెబుతున్న కారణం కూడా నిజమే. దాన్ని ఎలా నమ్మించాలి?

"సార్, మీరు వచ్చి చూడండి. తప్పని మీకు అనిపిస్తే మొత్తం చెన్నై వాళ్లకే ఇచ్చేస్తా" అన్నాను.

వచ్చారు. ఈసారి గదిలో మేమిద్దరమే. ఏ ఫైళ్లు రోజుకు ఎన్నిసార్లు తెరుచుకుంటున్నాయో, ఏవి రాసి పెట్టాక ఎవరూ ముట్టడం లేదో తెర మీద చూపించాను. ఆయన సులువుగా ఒప్పుకోలేదు. పాత రికార్డులు ఎప్పుడైనా వెతకాల్సి వస్తే అని అడిగారు. కెమెరాలన్నీ ఒకేసారి రాస్తే అని అడిగారు. నేను ఒక్కోదానికీ జవాబు చెబుతుంటే, తప్పు చెబితే పట్టుకుందామన్నట్టు వింటున్నారు. ఆ కొంచెం సేపూ నాకు హాయిగా అనిపించింది. పరీక్ష రాస్తున్నట్టుంది, అంతే.

చివరికి కుర్చీలో వెనక్కి వాలారు.

"కెమెరాలకే అయితే నేను చెప్పిన డిస్కులు వద్దు. రోజంతా ఆగకుండా రాసినా తట్టుకునే రకం వేరే ఉంది. ధర కొంచెం ఎక్కువ. అయ్యి తెస్తా. కొటేషన్ మళ్లా రాస్తా, మీ అన్నకు చెప్పు."

"చెప్తాను సార్."

"ఇంకొకటి." ఆయన తెర వైపు వేలు చూపించారు గానీ నా వైపు చూడలేదు. "ఇదంతా ఎట్టా తీసినావు? ఏది ఎన్నిసార్లు తెరిచినారు అనేది. నాకు తెలీదు ఇది. చూపించు."

నేను కుర్చీలోంచి లేచి ఆయన్ని కూర్చోమన్నాను. మౌసు ఆయన చేతికిచ్చి పక్కన నిలబడి ఎక్కడ నొక్కాలో చెప్పాను. ఆయన ఒకసారి తప్పు నొక్కారు. "అది కాదు సార్" అన్నాను. ఆ మూడు మాటలు పలకడానికి నేను ఎంత కష్టపడ్డానో చెప్పలేను. ఆయన "ఊఁ" అని సరిగ్గా నొక్కారు.

డిస్కులు వచ్చాయి. సార్ తనవి ఆయనే బిగించారు, ఎస్‌ఎస్‌డీలు ఇంజనీరు బిగించాడు. ఇద్దరూ మధ్యాహ్నం క్యాంటీన్లో ఒకే బల్ల దగ్గర భోంచేశారు. తర్వాతి సీజన్లో బండ్లు వచ్చాయి, చీటీలు వెళ్లాయి. కిటికీ దగ్గర ఎవరూ నిలబడాల్సిన పని లేకపోయింది కాబట్టి సర్వర్ గురించి ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. గాలివానకు రెండుసార్లు కరెంటు పోయింది, ఒక్క బిల్లు కూడా తప్పిపోలేదు. అన్న దాన్ని గమనించాడో లేదో నాకు తెలియదు.

ఈమధ్య ఒకరోజు పని మధ్యలో సార్ ఫోన్ చేశారు. కోవూరు వైపు ఒక రైసుమిల్లు వాళ్లు సర్వర్ మార్చుకుంటామని ఆయన్ని పిలిచారట. వాళ్ల డిస్కు మీద ఏ పని ఎంత పడుతున్నదో ముందు చూడాలనుకుంటున్నారు.

"ఆ పొద్దు మీరు చూపించినారే, అందులో రెండోది యాడుంటుంది? మర్చిపోయినా" అన్నారు.

చెప్పాను. ఆయన అవతల నొక్కుతూ, ఒక్కో అడుగుకూ "ఆఁ, వచ్చింది" అంటున్నారు. మిల్లువాళ్లు పక్కనే ఉన్నట్టున్నారు, వెనక మాటలు వినబడుతున్నాయి. వాళ్ల ముందు ఆయన నన్ను అమ్మా అనలేదు, తల్లీ అనలేదు. "మేడమ్, ఇంక నేను చూసుకుంటా" అని పెట్టేశారు. ఎవరో పెద్ద ఇంజనీరుతో మాట్లాడుతున్నానని వాళ్లతో చెప్పి ఉంటారు. శిష్యురాలిని అడుగుతున్నానని వాళ్లకు తెలియకుండా ఉండడం ఆయనకు అవసరమే అయి ఉంటుంది. నేను ఫోను చేతిలో పట్టుకుని, మొహం వేడెక్కి, తూకం అంకె చెబుతున్న అమ్మాయిని మళ్లీ చెప్పమని అడిగాను.